తమాలేలకు చేతిమిల్లు: కొనొచ్చు, కానీ పెట్టె మీద రాసిందంతా నమ్మి కాదు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. మొక్కజొన్న గింజల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంట్లోనే తమాలేలు (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మెక్సికో వైపు వంటకం) చేయాలని పట్టుదల ఉంటే ఈ చేతిమిల్లు పనికొస్తుంది. టోర్టియాలకు, అంటే మొక్కజొన్న రొట్టెలకు మాత్రం పనికిరాదు, పెట్టె మీద ఎంత పెద్ద టోర్టియా బొమ్మ వేసినా సరే. ఏడాదికోసారి క్రిస్మస్‌కి రెండు డజన్లు చేసుకుందాం అనుకునేవాళ్లకి అసలు అక్కర్లేదు, ఆ డబ్బులు పట్టుకుని దగ్గర్లోని టోర్టియేరియాకి (టోర్టియాలు చేసి అమ్మే దుకాణం) వెళ్లి తాజా మాసా, అంటే రుబ్బిన మొక్కజొన్న ముద్ద కొనుక్కోండి. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా. ఒక స్టార్ మిల్లు కోసం పోయింది, ఇంకోటి అమ్మినవాళ్ల మాటతీరు కోసం పోయింది.

కంపెనీ పేరు రాయడం లేదు. టేబుల్ అంచుకి బిగించి చేత్తో తిప్పే ఈ పోత ఇనుము మిల్లులన్నీ దాదాపు ఒకటే, స్టిక్కర్లు మారతాయంతే. పైన గింజలు పోసే గిన్నె, లోపల గింజని ముందుకి తోసే మర, చివర ఎదురెదురుగా రెండు గరుకు ప్లేట్లు, వాటి మధ్య సందుని తగ్గించే పెంచే స్క్రూ, పక్కన పొడుగాటి హ్యాండిల్, ఇంతే. కరెంటు లేదు, మోటారు లేదు, కాబట్టి పాడైపోయేదీ పెద్దగా ఏమీ లేదు.

తమాలే ఎప్పుడూ తినని వాళ్లకి రెండు ముక్కలు. సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న పిండిలో కొవ్వు కలిపి బాగా గిలక్కొట్టి, నానబెట్టిన ఎండు కంకి ఆకు మీద పరిచి, మధ్యలో కూర పెట్టి మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. మెక్సికోలో, గ్వాటెమాలాలో స్పానిష్ వాళ్లు అడుగుపెట్టక ముందు నుంచీ ఉన్న తిండి ఇది. ఒహాకా వైపు అరటాకులో చుడతారు, ఇక్కడ టెక్సస్‌లో ఎక్కువగా కంకి ఆకే. ఆకు ఒలిచి తినాలి సుమా. 1976లో అమెరికా ప్రెసిడెంట్ ఫోర్డ్ మా శాన్ ఆంటోనియోలో ఆలమో అనే పాత కోట చూడ్డానికి వచ్చినప్పుడు ఆకుతో సహా కొరికేశాడు, ఈ ఊళ్లో తమాలేల మాట వస్తే ఆ సంగతి ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు.

సరే, మిల్లు ఎందుకు కావాలి అన్నది అర్థం కావాలంటే మాసా గురించి చెప్పాలి. తమాలేలో సగం కంటే ఎక్కువ మాసానే, లోపలి కూర ఎంత బాగా కుదిరినా మాసా బాగాలేకపోతే తినేవాళ్లు కూర ఏరుకుని తిని మిగతాది పక్కన పెడతారు. మామూలు మొక్కజొన్న పిండికి నీళ్లు పోసి కలిపితే ముద్ద కట్టదు, విరిగిపోతుంది. అందుకే గింజల్ని ముందు సున్నంతో ఉడికిస్తారు. మెక్సికన్ దుకాణాల్లో ‘కాల్’ అని చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది, కాల్షియం హైడ్రాక్సైడ్, మన తాంబూలంలో వాడే సున్నం కూడా అదే పదార్థం. తినడానికి పనికొచ్చేదని ప్యాకెట్ మీద రాసి ఉండాలి, గోడలకి వేసే సున్నం తెచ్చి పెట్టకండి దయచేసి.

నేను వాడే లెక్క కిలో ఎండు గింజలకి మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల కాల్. గింజలు పాప్‌కార్న్‌వి కాకూడదు, స్వీట్‌కార్న్ అసలు కాకూడదు, పిండి ఎక్కువగా ఉండే డెంట్ రకం తెల్ల మొక్కజొన్న కావాలి. స్టీలు గిన్నెలో పెట్టాలి, అల్యూమినియం వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. సన్నని సెగ మీద అరగంట నుంచి ముప్పావు గంట ఉడికేసరికి నీళ్లు పసుపు రంగులోకి తిరుగుతాయి, ఒక గింజ తీసి వేళ్ల మధ్య రుద్దితే పైతోలు జిగురుగా జారిపోతుంది, కానీ కొరికితే మధ్యలో ఇంకా కొంచెం గట్టిగా పిండి పిండిగా తగులుతుంది. అక్కడ ఆపేయాలి. పూర్తిగా మెత్తబడేదాకా ఉంచితే తర్వాత మిల్లులో బంకలా ఇరుక్కుంటుంది. స్టవ్ కట్టేసి రాత్రంతా అదే నీళ్లలో వదిలేసి, పొద్దున్నే రెండు చేతులతో రుద్దుతూ నీళ్లు మార్చి మార్చి కడిగితే తోలు చాలావరకు పోతుంది. తమాలేలకి ఈ కడగడంలో బద్ధకించకూడదు, తోలు పోయేకొద్దీ మాసా తెల్లగా, తేలిగ్గా వస్తుంది. ఇలా తయారైన గింజనే నిక్స్‌తమాల్ అంటారు.

సున్నం చేసే పని రుచి కోసం మాత్రమే కాదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది కానీ అది ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది, సున్నం దాన్ని విడిపిస్తుంది. మొక్కజొన్నని యూరప్ తీసుకెళ్లినవాళ్లు గింజని తీసుకెళ్లారు గానీ ఈ పద్ధతిని తీసుకెళ్లలేదు, దాంతో మొక్కజొన్న తప్ప వేరే తిండి లేని పేదలకి నియాసిన్ లోపం వల్ల వచ్చే పెలాగ్రా అనే జబ్బు వచ్చింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనూ ఇదే జరిగింది, అది అంటువ్యాధి కాదు, తిండిలో లోపం అని 1914 తర్వాత జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు నిరూపించాల్సి వచ్చింది. మెక్సికోలో తరతరాలుగా ఆడవాళ్లు వంటింట్లో చేస్తున్న పని ఇది, విటమిన్ అన్న మాట పుట్టకముందు నుంచీ.

ఇక మిల్లు. కొత్తగా వచ్చినప్పుడు లోపలంతా పల్చటి నూనె ఉంటుంది, వేడినీళ్లు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాత కూడా మొదట వచ్చే పిండి బూడిద రంగులో ఉంటుంది, దాన్ని పారేయాల్సిందే. కాబట్టి కొన్ని చవక గింజలో బియ్యమో పోసి తిప్పండి, తెల్లగా రావడం మొదలయ్యాకే అసలు గింజలు పోయండి. ఈ సంగతి లోపల ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆ కాగితంలో ఉన్నదల్లా నాలుగు భాషల్లో ‘వేళ్లు లోపల పెట్టకండి’ అని.

బిగించడం దగ్గరే సగం మంది విసిగిపోతారు. క్లాంపు ఒక మాదిరి మందం ఉన్న చెక్క టేబుల్‌కి మాత్రమే సరిగ్గా పడుతుంది. గ్రానైట్ కౌంటర్ అంచు గుండ్రంగా ఉంటే జారుతుంది, అద్దం టేబుల్ దగ్గరికి తీసుకెళ్లకండి. పాత తువ్వాలు ముక్క మడిచి క్లాంపు కింద పెడితే పట్టు కాస్త నయం, అయినా పది నిమిషాలకోసారి స్క్రూ మళ్లీ బిగించుకోవాల్సిందే. ఒకరు గింజలు పోస్తూ టేబుల్ పట్టుకుని ఉంటే ఇంకొకరు తిప్పాలి, ఒక్కరే చేయడం కుదరదు అనను గానీ భుజం లాగేస్తుంది.

రుబ్బడం అయితే బాగానే ఉంది, ఇక్కడ మెచ్చుకోవాలి. తడి గింజల్ని గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, ప్లేట్లని కాస్త వదులుగా పెట్టి ఒకసారి, బిగించి రెండోసారి తిప్పితే చాలు. ప్లేట్ల అంచుల నుంచి తెల్లటి చుట్టలు చుట్టలుగా బయటికొచ్చి కింద పళ్లెంలో రాలుతుంది, ఉడికిన మొక్కజొన్న, తడి సున్నం కలిసిన వాసన ఇల్లంతా నిండుతుంది. వేళ్లతో నలిపి చూస్తే సన్నటి రవ్వ తగులుతుంది. తమాలేకి కావాల్సింది సరిగ్గా ఆ రవ్వే. మరీ మెత్తటి మాసాతో చేస్తే తమాలే బిగుసుకుపోయి బరువుగా వస్తుంది, కాస్త గరుకుగా ఉంటేనే మధ్యలో గాలి నిలిచి గుల్లగా ఉడుకుతుంది. టోర్టియాకి ఇది తిరగబడుతుంది, దానికి వెన్నలాంటి పిండి కావాలి, అదే మాసాని ఎన్నిసార్లు మిల్లులో వేసి తిప్పినా అంత మెత్తన రాదు, నొక్కగానే అంచులు పగులుతాయి. టోర్టియేరియాల్లో రాతి చక్రాలు చేసే పని ఈ ఇనుప ప్లేట్లు చేయలేవు. ఒక కిలో ఎండు గింజలకి, అంటే దాదాపు రెట్టింపు మాసాకి, రెండు సార్లు తిప్పడం కలిపి ముప్పావు గంట పైనే పడుతుంది.

అమ్మినవాళ్ల గురించి. హ్యాండిల్ బిగించే స్క్రూ మరలు కొద్ది వాడకానికే అరిగిపోయాయి, ఇంకో స్క్రూ పంపండి అని మెయిల్ పెడితే ‘తడి గింజలు రుబ్బారా? అయితే వారంటీ వర్తించదు’ అని జవాబు. పెట్టె మీద మాసా అని పెద్ద అక్షరాలతో రాసి, తడి గింజలు రుబ్బకూడదంటే మాసా దేంతో చేస్తారండీ? పెట్టె ఫొటో తీసి పంపాక రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. చివరికి హార్డ్‌వేర్ షాపులో అదే సైజు స్క్రూ డాలరు లోపే దొరికింది, ఆ మెయిల్స్ రాసిన టైం దండగ. కొనేముందు విడిభాగాలు, ముఖ్యంగా గరుకు ప్లేట్లు విడిగా అమ్ముతారో లేదో చూసుకోండి, ఎప్పటికైనా అరిగేవి అవే.

మన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది, ఇంట్లో ఉన్న వెట్ గ్రైండర్‌లో రుబ్బితే కాదా అని. రుబ్బొచ్చు, రాళ్లు ఉంటాయి కాబట్టి చాలా మెత్తగా కూడా వస్తుంది, కానీ రాళ్లు తిరగాలంటే నీళ్లు పోయాలి, అన్ని నీళ్లు పోశాక అది ముద్ద కాదు, జారుడు పిండి. దాన్ని గట్టిపరచడానికి మళ్లీ ప్యాకెట్ మాసా పిండి కలపాలి. అంత చేసేకంటే ఫుడ్ ప్రాసెసర్‌లో కొంచెం కొంచెంగా వేసి, నీళ్లు చెంచాల లెక్కన పోస్తూ తిప్పితే తమాలేకి సరిపడా రవ్వ మాసా వచ్చేస్తుంది. మిల్లులో వచ్చినంత సమంగా రాదు, కొన్ని గింజలు సగం సగం మిగిలిపోతాయి, అయినా మొదటిసారి చేసేవాళ్లు మిల్లు ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి ఇలా చేసి చూడటం మంచిది. నిక్స్‌తమాల్ పని మీకు నచ్చుతుందో లేదో కూడా తెలిసిపోతుంది.

ప్యాకెట్ పిండి అంటే చిన్నచూపు అక్కర్లేదు. మాసేకా అనే ప్యాకెట్ మాసా పిండి చేసే గ్రూమా కంపెనీ మెక్సికోలో 1949లో మొదలైంది, నిక్స్‌తమాల్‌ని ఎండబెట్టి పిండి చేసి అమ్మడమే వాళ్ల పని. ఆ సంచుల్లోనే తమాలేల కోసం అని విడిగా, కాస్త గరుకు పిండి ఉంటుంది, తీసుకుంటే అదే తీసుకోండి, టోర్టియాల పిండి తేకండి. పక్క అరలోనే ఉండే కార్న్‌మీల్ కానీ కార్న్ స్టార్చ్ కానీ దీనికి బదులు పనికిరావు, వాటికి సున్నం తగల్లేదు. గర్భిణులు ఉన్న ఇంట్లో సంచి వెనక ఫోలిక్ యాసిడ్ ఉందో లేదో చూసి కొనండి, 2016 నుంచి మాసా పిండిలో అది కలపడానికి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉంది. రుచి మాటకొస్తే, ప్యాకెట్ పిండి తమాలే బాగుంటుంది, తాజా మాసా తమాలే తిన్న మర్నాడు మాత్రం అంత బాగుండదు.

టోర్టియేరియాకి వెళితే వాళ్లు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు, ‘ప్రెపరాదా’ కావాలా ‘సిన్ ప్రెపరార్’ కావాలా అని. మొదటిదాంట్లో కొవ్వు, ఉప్పు అన్నీ కలిపేసి ఉంటాయి, రెండోది ఉత్త మాసా. రెండోదే అడగండి, తమాలేల కోసం అని కూడా చెప్పండి, గరుకుది ఇస్తారు. శాకాహారులైతే ఈ మాట మరీ ముఖ్యం, ఎందుకంటే ప్రెపరాదాలో సాధారణంగా పంది కొవ్వే ఉంటుంది. బయట కొనే చీజ్ తమాలే, బీన్స్ తమాలే చూసి మాంసం లేదు కదా అని తినేస్తుంటారు మనవాళ్లు, అడగకుండా తినొద్దు.

కొవ్వు కలిపే దగ్గర మాత్రం మిల్లుకి ఏ సంబంధం లేదు, కానీ తమాలే బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలుతుంది. కిలో మాసాకి 250 నుంచి 300 గ్రాముల పంది కొవ్వు, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, మాంసం ఉడికించిన నీళ్లు ఒక కప్పు పైన, ఉప్పు కొంచెం ఎక్కువే అనిపించేంత. ముందు కొవ్వు ఒక్కదాన్నే మిక్సర్‌లో తెల్లగా నురుగులా అయ్యేదాకా కొట్టాలి, తర్వాత మాసా కొద్ది కొద్దిగా, మధ్య మధ్య ఆ నీళ్లు. ఒక చిన్న ఉండ తీసి చల్లటి నీళ్ల గ్లాసులో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలన్నమాట. పంది కొవ్వు వద్దనుకునేవాళ్లు వెజిటబుల్ షార్టెనింగ్‌తో (వనస్పతి లాంటిది) చేస్తే గుల్లదనం అలాగే వస్తుంది, రుచి కాస్త చప్పగా ఉంటుంది, దానికి సగం వెన్న కలిపితే సరిపోతుంది. నూనెతో చేసేవాళ్లూ ఉన్నారు, తేలే పరీక్షలో నూనె పిండి అంత తొందరగా నెగ్గదు.

లోపలి కూరల గురించి ఎక్కువ రాయను, ఎవరిష్టం వాళ్లది. పంది భుజం మాంసం ఉడికించి పీచులుగా తీసి, ఆంచో, గ్వాహీయో ఎండుమిరపకాయల గింజలు తీసేసి పెనం మీద రెండు క్షణాలు వేడిచేసి, నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, వడకట్టి, ఆ గుజ్జులో కలిపితే ఇక్కడ అందరూ చేసే ఎర్ర తమాలే. ఈ మిరపకాయలకి రంగు ఎక్కువ, కారం తక్కువ. మాడితే మాత్రం చేదు, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. టొమాటియో (టమాటా లాంటి పుల్లటి పచ్చ కాయ) సాస్‌తో చికెన్, కాల్చి తోలు తీసిన పొబ్లానో మిరప ముక్కల్లో చీజ్, ఎండుద్రాక్ష వేసిన తీపివి, ఇవన్నీ అదే మాసాతో. మా ఇంట్లో ముందుగా అయిపోయేది పొబ్లానో చీజ్ రకమే.

చుట్టేటప్పుడు ఆకు నునుపు వైపు మాసా రాయాలి, గరుకు వైపు రాస్తే ఒలిచేటప్పుడు అంటుకుపోతుంది. ఆకుల్ని వేడినీళ్లలో కనీసం అరగంట నానబెట్టాలి. ఇడ్లీ పాత్రలో పెట్టొచ్చా అని అడుగుతారు, ఎత్తు చాలదు, తమాలేలు నిలబడి ఉడకాలి, మడిచిన కొస కిందికి, తెరిచిన కొస పైకి. దీనికి ‘వాపోరేరా’ అని లోపల చిల్లుల పళ్లెం ఉన్న పొడుగు పాత్ర దొరుకుతుంది, మిల్లు కంటే ముందు కొనాల్సింది అదే. అల్యూమినియందైనా ఫరవాలేదు, ఇందులో సున్నం పోయం కదా. నీళ్లలో ఒక నాణెం వేసి పెడితే మరిగేంతసేపూ అడుగున టకటక కొట్టుకుంటుంది, చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోయాయని గుర్తు, అప్పుడు పక్క నుంచి వేడినీళ్లు పోయాలి. గంట నుంచి గంటన్నర పడుతుంది. ఒకటి తీసి పావుగంట చల్లారనిచ్చి ఒలిస్తే ఆకుకి ఏమీ అంటకుండా రావాలి. వేడివేడిగా ఒలిచి చూసి ఉడకలేదని మళ్లీ గంటసేపు పెట్టేవాళ్లుంటారు, అది ఆరేకొద్దీ గట్టిపడుతుంది, తొందరపడకండి.

కడగడం గురించి కూడా తెలుసుకుని కొనండి. పని అవగానే ప్లేట్లు, మర విడదీసి, మాసా ఆరకముందే బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచి, కాసేపు తక్కువ వేడి ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాలి. డిష్‌వాషర్‌లో వేస్తే పూత పోయి మర్నాటికి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. తమాలేలు చుట్టే హడావుడిలో మిల్లుని సింక్‌లో వదిలేస్తే పిండి సిమెంటు కట్టినట్టు పట్టుకుంటుంది, కాబట్టి మిల్లు కడగడం ఎవరి పనో ఇంట్లో ముందే తేల్చుకోండి. డిసెంబర్‌లో కొనాలనుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి, క్రిస్మస్ ముందు వారం టోర్టియేరియాల ముందు పొడుగాటి క్యూలు ఉంటాయి, మాసా ముందే చెప్పి పెట్టుకోకపోతే దొరక్కపోవచ్చు, ఈ మిల్లు నాకు నిజంగా అక్కరకొచ్చేది ఆ ఒక్క వారమే. ఫిబ్రవరి 2న వచ్చే కాందెలారియా అనే క్రైస్తవ పండక్కి కూడా తమాలేలు చేస్తారు, మెక్సికన్ స్నేహితులు ఉన్నవాళ్లకి పిలుపు వచ్చే ఉంటుంది, వెళ్లి తినండి.